బంకరు తాళంచెవి

మా ఊళ్ళో శీతాకాలంలో చచ్చిపోవడమంత తెలివితక్కువ పని ఇంకోటి లేదు. నవంబరు వచ్చేసరికి నేల రాయైపోతుంది. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేస్తాయి గాని మట్టి లేవదు. అందుకని ఆ కాలంలో పోయినవాళ్ళు జూన్ దాకా ఆగాలి. ఆగడానికి జర్మన్లు మాకొక గది కట్టిపెట్టి వెళ్ళారు.

ఊరు దాటి సముద్రంలోకి పొడుచుకొచ్చిన రాతికొమ్ము మీద బంకర్లు వరసగా ఉంటాయి. యుద్ధంలో రష్యావైపు పోయే ఓడల్ని కొట్టడానికి కట్టారు. ఓడిపోయి పోతూ పోతూ ఉత్తర నార్వేలో ఇల్లన్నది లేకుండా తగలబెట్టారు గాని, వీటిని ఏం చెయ్యలేకపోయారు. కాంక్రీటు కాలదు కదా. ఇప్పుడొక దాంట్లో వేసవిలో గొర్రెలు నిలబడతాయి, ఒకదాంట్లోకి సముద్రం వచ్చి గడ్డకట్టుకుని కూచుంది, మిగతావాటికి తలుపుల్లేవు. కొండకు ఆనుకుని ఉన్న లోతైన బంకరుకి మాత్రం మా ఆయన ఓలుఫ్ గట్టి చెక్క తలుపు బిగించాడు. శవపేటికలు చేసేదీ ఆయనే. లోపల గోడమీద పొగ తాగరాదని జర్మన్ అక్షరాలు ఇంకా చెరగలేదు. లోపలున్నవాళ్ళు ఆ మాట బాగానే పాటిస్తున్నారు. ఊరివాళ్ళు దాన్ని వెయిటింగు రూము అంటారు.

దానికొక పద్ధతి ఉంది. ఆ ఏడాది శీతాకాలంలో మొదట ఎవరింటి శవం లోపలికి పోతుందో, తాళంచెవి జూన్ దాకా ఆ ఇంట్లోనే ఉంటుంది. తర్వాత పోయినవాళ్ళ తాలూకు మనుషులు ఆ ఇంటికి వెళ్ళి అడగాలి. అడగ్గానే ఇస్తారు, ఒక కప్పు కాఫీ కూడా ఇస్తారు. కాదన్న ఇల్లు నేనెరగను. నేను దక్షిణాది దీవుల నుంచి, యుద్ధం అయిపోయాక, కోడలిగా వచ్చినదాన్ని. నా ఎరుకలో లేదంటే, ఆ తలుపు బిగించిన నాటినుంచీ లేనట్టే.

ఆ జనవరిలో మొదట పేదర్ పోయాడు. గుండె ఆగింది. యుద్ధంలో అతని తమ్ముడు ఆర్విడ్, రష్యావాళ్ళకి రేడియోలో జర్మన్ ఓడల కబుర్లు చేరవేస్తూ అన్న ఇంటి అటక మీద దాక్కున్నాడు. జర్మన్లు ఒకరోజు పొద్దున్నే నేరుగా వచ్చి పట్టుకున్నారు. ఇదే రాతికొమ్ము మీద కాల్చేశారు. అందుచేత పేదర్ మా ఊళ్ళో చిన్నపాటి వీరుడు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బతికుండగా అతని కోపానికి భయపడి పక్కకి తప్పుకున్నవాళ్ళంతా అతనంత మంచివాడు లేడని ముక్కులు చీదారు. పేటిక లోపల పెట్టి తాళంచెవి అతని భార్య యెన్సీనె చేతికిచ్చాం.

అదే వారంలో ఐలిఫ్ పోయాడు.

ఐలిఫ్ ఎవరంటే, ఆర్విడ్ గుట్టు జర్మన్లకి చెప్పినవాడు. అలా అని ఊరు చెప్పుకునేది. బంకర్లు కట్టేటప్పుడు తన గుర్రంబండిలో జర్మన్లకి ఇసుక తోలాడు. ఆ రోజు పొద్దున పేదర్ ఇంట్లోంచి బయటికొస్తూ కనపడ్డాడు. ఆయన వెనకాలే సైనికులు వచ్చారు. ఇంకేం కావాలి? యుద్ధం అయ్యాక పోలీసులు పిలిచి అడిగి, ఏమీ దొరక్క వదిలేశారు. ఊరు వదల్లేదు. నిప్పు లేనిదే పొగ రాదన్నారు. ప్రార్థన మందిరంలో ఆయన బల్లమీద ఇంకెవరూ కూచునేవాళ్ళు కాదు. పేదరైతే ఆయన ఇంటిముందు నుంచి పోయినప్పుడల్లా మంచులో ఉమ్మేవాడు. ఐలిఫ్ కూతురు తుర్దిస్‌కి అప్పటికి బడికెళ్ళే వయసు. పెద్దదై చేపల ఫ్యాక్టరీలో చేరితే చివరి బల్ల ఇచ్చారు, తలుపు పక్కన, చలిగాలి కొట్టేచోట. ఒక పడవవాడు పెళ్ళాడతానన్నాడు. వాడి తల్లి వద్దంది. నలభై దగ్గర పడుతున్నా అదే బల్ల దగ్గర కాడ్ చేపల తలలు కోస్తోంది.

ఐలిఫ్ పేటిక తయారయ్యాక తుర్దిస్ మా ఇంటికొచ్చింది.

"గుద్రున్ అక్కా, నాతో యెన్సీనె అత్త ఇంటికి రావా? ఒక్కదాన్నీ వెళ్తే తలుపు కూడా తియ్యదు."

"తియ్యకపోతే నేను తీయిస్తా పద," అన్నాను. నా నోరు అలాంటిది.

యెన్సీనె తలుపైతే తీసింది. డెబ్భై దాటిన మనిషి, పక్షిలా ఉంటుంది. తుర్దిస్‌ని చూడగానే మొహం తెల్లబోయింది. లోపలికి రమ్మనలేదు, కాఫీ మాటే లేదు. మా ఊళ్ళో అంతకంటే పెద్ద తిట్టు లేదు.

"తాళంచెవి కావాలి, అత్తా. నాన్నని పెట్టాలి," అంది తుర్దిస్.

"లేదు."

"లేదంటే? పోగొట్టుకున్నావా?" అన్నాను నేను.

"ఉంది. ఇవ్వను. ఐలిఫ్‌ని మా ఆయన పక్కన పెట్టనివ్వను. ఇంకెక్కడైనా పెట్టుకోండి."

"ఇంకెక్కడుందే యెన్సీనె? మా వంటింట్లో పెట్టమంటావా?"

"గొర్రెల బంకరు ఖాళీగానే ఉంది కదా," అని తలుపేసేసింది. అవతల గొళ్ళెం పడ్డ చప్పుడు వినపడింది.

తుర్దిస్ ఏడవలేదు. "నాన్న గొర్రె కాదు," అంది, అంతే. మధ్యాహ్నం అయ్యేసరికి పేటికని మంచుమీద లాగే బల్లబండికి కట్టి, తాడు భుజాన వేసుకుని, ఒక్కతే కొమ్ము మీదికి లాక్కుపోయింది. బంకరు తలుపు ముందు ఆపి, పక్కన ఒక చేపలపెట్టె బోర్లించి దానిమీద కూచుంది. ఒళ్ళో పార, కాళ్ళదగ్గర లాంతరు.

మా శీతాకాలపు మధ్యాహ్నమంటే ఏముంది, ఆకాశం కాస్త నీలంగా తేలి మళ్ళీ నల్లబడిపోతుంది. సూర్యుడు ఆ నెలలో మా మొహం చూడడు. గాలి సముద్రం మీంచి అడ్డంగా మంచుని విసురుతోంది. బంకర్ల నోళ్ళు నల్లగా తెరుచుకుని ఉన్నాయి. నేను వేడి చేపల పులుసు తీసుకెళ్ళి ఇస్తే రెండు చెంచాలు తాగింది.

"ఇంటికి పదమ్మా. పేటికకి తాళ్ళు బిగించి వెళ్దాం. ఎవరెత్తుకుపోతారు?"

"నక్కలొస్తాయక్కా. ఇందాకే ఒకటి వచ్చి వాసన చూసి పోయింది. ఇవాళ లోపల పెట్టకపోతే రేపు అడుగుతా. రేపు కాకపోతే ఎల్లుండి. బతికున్నప్పుడు ఈ ఊళ్ళో ఎక్కడా చోటు లేకపోయె. చచ్చాక కూడా బయటే నిలబెడతారా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళోకి పోయి నలుగురి తలుపులు కొట్టాను. మా ఊళ్ళో ఎవరి నోట్లోనూ నువ్వుగింజ నానదు. ఎవరి పడవలో ఎన్ని చేపలు పడ్డాయో ఆ చేపలకంటే ముందు ఒడ్డుకి చేరుతుంది. అలాంటి ఊరికి ఆ రోజు మాట పడిపోయింది. అందరిలోకీ పెద్దవాడు ముసలి ఆస్లాక్ మాత్రం పైపు నోట్లోంచి తియ్యకుండానే అన్నాడు.

"తాళంచెవి ఇంటివాళ్ళది. అడ్డంగా మాట్లాడితే పద్ధతి పోతుంది."

"పద్ధతి పోతుందా? ఆ పిల్ల ప్రాణం పోతుందిరా ముసలోడా!"

"దాని మొండితనం, దాని ఖర్మ. నువ్వు దక్షిణాది దానివి, నీకిది అర్థం కాదులే."

ముప్పయ్యేళ్ళు కాపరం చేసి నలుగుర్ని కన్నా నేను దక్షిణాది దాన్నే. కొరివితో తల గోక్కోవడం నాకూ ఇష్టం లేదు గాని, ఓలుఫ్‌ని తీసుకుని మళ్ళీ కొమ్ము మీదికి పోయాను. పాత తెరచాప ఒకటి కట్టి గాలికి అడ్డం చేశాం. నేనూ ఆయనా వంతులేసుకుని ఆ పిల్ల పక్కన కూచున్నాం. ఓలుఫ్ తన వంతంతా తెరచాప ముడులే సరిచూశాడు. ఆయన ఎప్పుడూ అంతే, మాట్లాడితే మేకు నోట్లోంచి జారిపోతుందన్నట్టు ఉంటాడు.

మర్నాడు తుపాను ముదిరింది. తుర్దిస్ కనుబొమల మీద మంచు పేరుకుంది. పెదాలు నీలమయ్యాయి. నక్కలు బంకరు కప్పుమీద తిరుగుతుంటే పారతో కాంక్రీటుని కొట్టి తోలుతోంది. యెన్సీనె వంటింటి కిటికీలోంచి ఈ కొమ్ము కనపడుతుంది. ఆ కిటికీలో దీపం రాత్రంతా ఆరలేదని నేను గమనించాను.

ఆకాశం కాస్త నీలబడే వేళకి యెన్సీనె వచ్చింది. మంచులో పడుతూ లేస్తూ. ఒక చేతిలో తాళంచెవి, చంకలో ఉన్ని శాలువాలో చుట్టిన కాఫీ కెటిలు. ఎవరివైపూ చూడకుండా కప్పులో పోసి తుర్దిస్ చేతిలో పెట్టింది. ఆ చలిలో ఆవిరి, ఆ వాసన, ఏం చెప్పమంటారు, నాకు నోరూరింది. సిగ్గు లేకుండా.

"తాగు," అంది యెన్సీనె. "తాగితే చెబుతా. కాదు, చెబుతా, తర్వాత నీ ఇష్టమైతే తాగు."

"తాళం తియ్యి అత్తా. ఇంకేం వద్దు."

"విను. ఆర్విడ్ రష్యా నుంచి వచ్చినప్పుడు గుప్పెడు కాఫీ గింజలు తెచ్చాడు. అసలు కాఫీ, సరిహద్దు అవతలనుంచి తప్ప దొరకనిది. అప్పటికి ఎన్నేళ్ళయిందో దాని మొహం చూసి. బార్లీ మాడ్చి, బఠానీలు మాడ్చి తాగుతున్నాం అందరం. దాచిపెట్టు, బయటికి తియ్యకు, అన్నాడు పేదర్. నాలుగు రోజులు ఆగాను. పేదర్ చేపలకెళ్ళాడు. ఒక్కసారి వాసన చూద్దామనుకున్నా. చూశాక ఊరుకోలేకపోయా. పెనం మీద వేసి వేయించా. తలుపులు మూశా, కిటికీలు మూశా. చిమ్నీ ఎట్లా మూస్తానే?"

గాలికి తెరచాప టపటపా కొట్టుకుంటోంది. ఓలుఫ్ తల వంచుకుని దాని తాడు సవరిస్తున్నాడు.

"మీ నాన్న వల అల్లే సూది అడగడానికొచ్చాడు. గుమ్మంలో కొయ్యబారిపోయాడు. కూచో, ఒక కప్పు తాగిపో, అన్నా. తాగాడు. కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా తాగాడు. 'యెన్సీనె, ఈ వాసన ఊరంతా పోతుంది, ముందా పొయ్యి ఆర్పు' అని చెప్పి వెళ్ళాడు. ఆయన మలుపు తిరిగాడో లేదో, గస్తీ సైనికులు. వాళ్ళ నాయకుడు కెటిలు మూత తీసి వాసన చూసి నవ్వాడు. తర్వాత అటక నిచ్చెనకేసి చూశాడు."

తుర్దిస్ కప్పుని ఒళ్ళోకి దించుకుంది.

"పేదర్ వచ్చి, ఎవరొచ్చారు ఇంటికి, అని అడిగాడు. ఐలిఫ్ వచ్చాడన్నా. అంతే అన్నా. అబద్ధమైతే కాదు కదా అనుకున్నా."

"నాన్నకి తెలుసన్నమాట."

"తెలుసు."

"ఇన్నేళ్ళూ."

"దారిలో నేనెదురైతే టోపీ తీసేవాడు. ఎప్పుడూ ఒక్కమాట అనలేదు. తమ్ముడు నా కాఫీ వల్ల పోయాడని తెలిస్తే పేదర్ నన్ను చంపేసేవాడు. అది మీ నాన్నకీ తెలుసు."

"మరి నిన్న ఎందుకివ్వలేదు తాళం?" అన్నాను, ఉండబట్టలేక.

యెన్సీనె నావైపు చంటిపిల్లలా చూసింది. "ఇద్దరూ ఒకే గదిలో, జూన్ దాకా. ఐలిఫ్ చెప్పేస్తాడేమోనని భయమేసింది. తర్వాత కిటికీలోంచి దీన్ని చూస్తూ కూచున్నా. బతికుండగా చెప్పనివాడు చచ్చాక చెబుతాడా, అనిపించింది."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. తుర్దిస్ మాత్రం కప్పుని బంకరు గుమ్మం పక్క గోడలో, లోతైన గూట్లో పెట్టింది. ఫిరంగి గుళ్ళు పెట్టుకునే గూడు అది. ఒక్క చుక్క తాగలేదు.

"నీకోసం నోరు మూసుకున్నాడు మా నాన్న. పెద్దమనిషే. మరి నేను? నన్నెవరూ తలుచుకోలేదా? ఆ బల్ల దగ్గర, ఆ గాలిలో, ఇన్నేళ్ళూ నేనెవరి కాఫీకి పని చేశాను?"

యెన్సీనె తాళంచెవి ముందుకి చాపింది.

"నాకు చెప్పి నీ బరువు దించుకోకు, అత్తా. ఊరికి చెప్పు. జూన్‌లో, గోతి దగ్గర, అందరి ముందూ."

"చెబుతా."

"ఒట్టు?"

"పేదర్ మీద ఒట్టు."

తాళం తీశాం. లోపల గోడలకి చెమట పట్టి గడ్డకట్టి, లాంతరు వెలుగులో మెరుస్తోంది. ఐలిఫ్‌ని పేదర్ పక్కన పెట్టాం, మధ్యలో ఒక మనిషి నడిచే చోటు వదిలి. యెన్సీనె లోపలికి రాలేదు. ఐలిఫ్ పేటికవైపు తిరిగి, గుమ్మం బయటనుంచే, తల మీద ముసుగు తీసింది. ఆయన టోపీ తీసినట్టు.

ఆ శీతాకాలం చాలా నెమ్మదిగా జరిగింది. నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సిన నోరు వేరే ఉంది, దాన్ని చెప్పనివ్వాలి. నా వరకు అది ఎంత కష్టమో దేవుడికే తెలుసు. యెన్సీనె ఫిబ్రవరికల్లా సగమైంది. దుకాణంలో ఎదురైతే "నేల ఎప్పుడు మెత్తబడుతుందే గుద్రున్?" అని అడిగేది, ఉరిశిక్ష పడ్డవాడు తేదీ అడిగినట్టు. తుర్దిస్ మాత్రం కాస్త నిటారుగా నడుస్తోంది. ఫ్యాక్టరీలో ఒకరోజు పాట కూనిరాగం తీసిందట. జూన్ వస్తే తన తండ్రి పేరు కడుక్కుంటుంది, ఆ ఒక్క ఆశ మీద బతికింది ఆ పిల్ల.

నేల మెత్తబడింది. రెండు గోతులు తవ్వారు, దూరదూరంగా. పాదిరీ టపా పడవలో వచ్చాడు. ఊరంతా వచ్చింది, ఐలిఫ్ కోసం కాదు, పేదర్ కోసం. బంకరు తలుపు తెరిచినప్పుడు గుమ్మం పక్క గూట్లో కప్పు అలాగే ఉంది, అడుగున నల్లటి మరకతో. అంత్యక్రియల తర్వాత ఊరికి కాఫీ పొయ్యడం చచ్చినవాళ్ళింటి బాధ్యత. తుర్దిస్ తెల్లవారకముందే లేచి ప్రార్థన మందిరం వంటగదిలో పెద్ద పెద్ద కెటిళ్ళ నిండా కాఫీ కాచిపెట్టింది. రొట్టెలు కాల్చింది. జీవితంలో మొదటిసారి ఊరు తన చేతి కాఫీ తాగబోతోందని మొహం వెలిగిపోతోంది.

పేటికలు దించాక, పాదిరీ పుస్తకం మూశాక, యెన్సీనె ముందుకొచ్చింది. చెప్పింది. ఏమీ దాచలేదు. గింజలు, పెనం, చిమ్నీ, ఐలిఫ్ తాగిన కప్పు, "ఐలిఫ్ వచ్చాడు" అన్న మాట, అన్నీ. చెప్పి, రాళ్ళు పడతాయన్నట్టు భుజాలు ముడుచుకుని నిలబడింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఎవరూ ఉలిక్కిపడనూ లేదు. అది నేను తుర్దిస్ కంటే ముందు చూశాను.

ఆస్లాక్ పైపు తీసి బూటుకేసి కొట్టాడు.

"ఇప్పుడిదంతా ఎందుకు తవ్వడం, యెన్సీనె? ఆ వాసన మా ఇంటిదాకా వచ్చింది. మా అమ్మ ఆ రోజు కిటికీ తెరిచి నిలబడి ఏడ్చింది, ఎన్నాళ్ళైందిరా అని. తెలియనివాడెవడు?"

"అందరికీ?" అంది తుర్దిస్. గొంతు చాలా చిన్నగా వచ్చింది. "అందరికీ తెలుసా?"

మొహాలన్నీ బూట్లవైపు చూస్తున్నాయి.

"మరి మా నాన్న పేరెందుకు చెప్పారు?"

"ఎవరిదో ఒకరి పేరు కావాలి కదమ్మా," అన్నాడు ఆస్లాక్, నచ్చచెబుతున్నట్టు. నిజంగా నచ్చచెబుతున్నాననే అనుకున్నాడు వాడు. "యెన్సీనె పేరెట్లా చెబుతాం? అప్పటికే ఆ ఇంట్లో ఒకడు పోయాడు. ఐలిఫ్ ఎటూ ఇసుక తోలాడు."

ఆ ఇసుక తోలింది ఐలిఫ్ ఒక్కడేనా? ఊళ్ళో గుర్రం ఉన్న ప్రతివాడూ తోలాడు. నేను ఓలుఫ్‌వైపు తిరిగాను. యుద్ధంనాటికి పదిహేనేళ్ళ కుర్రాడు. వాళ్ళిల్లు పేదర్ ఇంటికి నాలుగిళ్ళ అవతల.

"నీకూ వచ్చిందా ఆ వాసన?"

మా ఆయన వంగి బూటు తాడు కట్టుకోవడం మొదలుపెట్టాడు. అది ఊడలేదు. నేను చూశాను, ఊడలేదు. ఇన్నేళ్ళ కాపరంలో నాకు ఆ మనిషి మీద అంత అసహ్యం ఎప్పుడూ కలగలేదు.

తుర్దిస్ పార తీసుకుని తండ్రి గోతిలో మట్టి నింపింది. సాయం చెయ్యబోతే నన్నూ ఆగమంది. నింపి, పారతో తట్టి, పార అక్కడే వదిలేసి, మాకంటే ముందు కొండ దిగిపోయింది. యెన్సీనెని ఎవరూ చెయ్యి పట్టుకోలేదు. ఆమే ఒక్కతే మెల్లగా దిగింది.

మేమంతా అలవాటు ప్రకారం ప్రార్థన మందిరానికి నడిచాం. మెట్ల ముందు ఇంకా కరగని మంచు ఒక కుప్ప ఉంది. దానిమీద కెటిళ్ళన్నీ బోర్లించి ఉన్నాయి. మంచు నల్లగా తడిసి ఆవిర్లు కక్కుతోంది. లోపల రొట్టెలమీద గుడ్డ కప్పినట్టే ఉంది. తుర్దిస్ లేదు. టపా పడవ అప్పటికే కూత వేస్తోంది.

కాఫీ వాసన ఊరంతా పోయింది. ఈసారీ ఎవరూ ఏమీ అనలేదు.